కల్లంలో ఉన్న ఎరుపు ఫొటోలోకి ఎందుకు రావడం లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాల మీద ఒక ఫొటోల వరుస చేస్తున్నారు, వాటిని పెద్ద ప్రింట్లుగా వేయించి ప్రదర్శనలో పెట్టాలనుకుంటున్నారు. మధ్యాహ్నపు ఎండలో తీసిన రాశి ఫొటోలో ఎరుపు ప్లాస్టిక్ పూత పూసినట్టుంది. తాలు కాయలు ఏరుతున్న ఆమె ఫొటోలో ముఖం నారింజ రంగుకు తిరిగింది. జనవరి మంచులో తీసిన మూడో ఫొటో వెలవెలబోయినట్టు అనిపిస్తోంది. ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ వెలుతురు కొంచెం తగ్గించి తీస్తేనే రంగు చిక్కగా వస్తుందన్నారు, మరొకరు హిస్టోగ్రామ్‌ను, అంటే ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన ఎంతెంత ఉన్నాయో చూపే గీతను, వీలైనంత కుడికి జరపమన్నారు. రెంటిలో ఏది నమ్మాలో తెలియక మీరు రంగు గాఢతను పెంచే శాచురేషన్ స్లైడర్‌ను +35 దాకా లాగి చూశారు.

ఆ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ రెండూ వేర్వేరు పనిముట్ల నుంచి పుట్టిన సలహాలు. తగ్గించి తీయడం స్లైడ్ ఫిల్మ్ కాలపు అలవాటు. స్లైడ్‌లో వెలుతురు తక్కువ తగిలిన చోట డెవలప్ చేశాక రంగుపదార్థం ఎక్కువగా మిగులుతుంది, అందువల్ల అక్కడ రంగు నిజంగానే చిక్కబడుతుంది. 1935లో వచ్చి 2009లో ఉత్పత్తి ఆగిపోయిన కోడాక్రోమ్ వాడినవారిలో చాలామంది 64 ఐఎస్‌ఓ (వెలుతురును అందుకునే వేగం) ఫిల్మ్‌ను 80గా లెక్కగట్టి, స్టాప్‌లో (వెలుతురు రెట్టింపు లేదా సగం అయ్యే ఒక మెట్టులో) మూడో వంతు తగ్గించి తీసేవారు. 1990లో ఫుజీ తెచ్చిన వెల్వియా సహజంగానే ముదురు రంగుల ఫిల్మ్ కనుక, దాని 50 ఐఎస్‌ఓను 40గా పెట్టుకొని కొంచెం ఎక్కువ వెలుతురు ఇచ్చినవారూ అంతమందే ఉన్నారు. అంటే స్లైడ్ రోజుల్లో కూడా ఆ సూత్రం అన్ని ఫిల్ములకూ ఒకేలా వర్తించలేదు. ఇక డిజిటల్ సెన్సార్‌లో అలా వెలుతురును బట్టి మిగిలే రంగుపదార్థమే లేదు కాబట్టి, తగ్గించి తీసినంత మాత్రాన చిక్కబడేది ఏమీ ఉండదు.

కుడికి జరపమనే సలహా 2003 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్ మైఖేల్ రైక్‌మన్ రాతల వల్ల ప్రచారంలోకి వచ్చింది. 14 బిట్ల రా ఫైలులో (సెన్సార్ నమోదు చేసినదాన్ని దిద్దకుండా దాచే ఫైలులో) 16,384 వెలుగు మెట్లు ఉంటాయి, వాటిలో సగం, అంటే 8,192, అత్యంత ప్రకాశవంతమైన ఒక్క స్టాప్‌లోనే ఉంటాయి కనుక ఆ భాగాన్ని వృథా చేయకూడదన్నది దాని వెనకున్న వాదన. అసలు లాభం మెట్ల లెక్క కంటే నాయిజ్ (ఫొటోలో చుక్కల్లా కనిపించే గరుకుదనం) తగ్గడంలో ఉందని తరువాత చాలామంది గ్రహించారు, కానీ సలహా మాత్రం నిలబడింది. బూడిదరంగు రాళ్లకు, మబ్బులకు, ఆకులకు అది చక్కగా పనిచేస్తుంది. ఎర్రమిర్చి రాశి దగ్గర మాత్రం అదే సలహా మోసం చేస్తుంది, ఎందుకంటే వెనక తెర మీద మీరు చూస్తున్న హిస్టోగ్రామ్ సాధారణంగా మూడు చానెళ్లనూ కలిపిన వెలుగు లెక్క. ఆ లెక్కలో ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం వాటా ఉంటుంది. ఫ్రేమంతా ఎరుపే నిండినప్పుడు ఆ ఒకే గీత ఎడమవైపు, నడుమకు ఇటే ఆగిపోతుంది. ఇంకా చాలా చోటు ఉందనిపించి మీరు ఎక్స్‌పోజర్ పెంచుతారు. అప్పటికే ఎరుపు చానెల్ గోడకు, అంటే అది పట్టగలిగిన గరిష్ఠానికి, తగిలి ఉంటుంది.

అక్కడ జరిగేదాన్ని దగ్గరగా చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి, ఎండ పడిన ఒక కాయ తొక్క మీద ఎరుపు 100 పాళ్లు, ఆకుపచ్చ 10, నీలం 6 పాళ్లు నమోదయ్యాయనీ, చానెల్ పట్టగలిగిన గరిష్ఠం కూడా 100 అనీ అనుకోండి. ఒక స్టాప్ పెంచితే ఎరుపు 200 కావాలి, కానీ 100 దగ్గరే ఆగిపోతుంది. ఆకుపచ్చ 20కి, నీలం 12కి చేరతాయి. ఇంకో స్టాప్ పెంచితే ఎరుపు అక్కడే ఉండగా మిగిలిన రెండూ 40కి, 24కి చేరతాయి. మొదట పదింతలుగా ఉన్న ఎరుపు, ఆకుపచ్చల తేడా ఇప్పుడు రెండున్నర రెట్లకు పడిపోయింది. రంగు పలచబడటమే కాదు, ఆకుపచ్చ వాటా పెరగడంతో ఎరుపు నారింజ వైపు జరిగింది. ఎనిమిదేళ్ల క్రితం ఇలా తీసిన ఒక ప్రింటును నేనే ఒక రైతుకు చూపించాను. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇంత తాలు పడిందేంటండీ ఈ చేలో?" అని అడిగారు. రంగు విరిగి పాలిపోయిన కాయనే కదా తాలు అంటారు. నా ఎక్స్‌పోజర్ తప్పు ఆయన కంటికి పంట తెగులులా కనిపించింది, ఆ మాటతో నాకు తెలిసొచ్చింది ఏ పాఠంలోనూ దొరకలేదు.

ఆ లెక్క నుంచే ఇంకో సంగతి కూడా తేలుతుంది. గోడకు తగలనంత వరకు వెలుతురు పెంచినా తగ్గించినా చానెళ్ల నిష్పత్తి మారదు. 50:5:3 అయినా 100:10:6 అయినా రంగు ఒకటే, ప్రకాశం మాత్రమే వేరు. కాబట్టి డిజిటల్‌లో తగ్గించి తీయడం రంగును చిక్కబరచదు, ఉన్న రంగు చెడిపోకుండా కాపాడుతుంది, అంతే. ఆ తేడా తెలియనివారు అవసరం లేని చోట కూడా రెండు స్టాపులు తగ్గించి తీసి, తరువాత నీడలను పైకి లాగి, రంగుల చుక్కల నాయిజ్‌తో తంటాలు పడుతుంటారు.

ఇక ప్లాస్టిక్ పూత విషయానికి వద్దాం. మీ మొదటి ఫొటో తీసేటప్పుడే చెడిందా, తరువాత దిద్దుబాటులో చెడిందా అన్నది ముందు తేల్చుకోవాలి. రా ఫైలును తెరిచి, శాచురేషన్, వైబ్రెన్స్, ప్రీసెట్లు అన్నీ సున్నాకు తెచ్చి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి, కాయల మీద 100 శాతం జూమ్‌లో చూడండి. ఎండిన కాయ మీద పొడవునా ఉండే ముడతలు, తొడిమ దగ్గరి సన్నని నొక్కులు కనిపిస్తే ఫైలు క్షేమంగానే ఉంది. పగటి వెలుతురులో సెన్సార్‌కు చేరే ఎరుపు సంకేతం ఆకుపచ్చ కంటే తక్కువగా ఉంటుంది, వైట్ బ్యాలెన్స్ కోసం కెమెరా దాన్ని తరువాత హెచ్చవేస్తుంది. అందువల్ల వెనక తెర మీది ప్రివ్యూలో ఎరుపు పోయినట్టు కనిపించినా రా ఫైలులో ఇంకా మిగిలి ఉండటం తరచూ జరిగేదే. ముడతలు తిరిగి రాకపోతే మాత్రం ఆ భాగాన్ని వదులుకోవాల్సిందే, ఏ స్లైడరూ దాన్ని తెచ్చిపెట్టలేదు.

మీ విషయంలో ముడతలు తిరిగి వస్తాయనే నా అంచనా, ఎందుకంటే +35 శాచురేషన్ ఒక్కటి చాలు అవి మాయం కావడానికి. ఎర్రటి వస్తువు మీది సూక్ష్మమైన వివరాల్లో పెద్ద భాగం ఎరుపు చానెల్‌లో ఉండదు. అక్కడ ఎరుపు అంతటా దాదాపు నిండుగానే ఉంటుంది, వెలుగునీడల సన్నని తేడాలను మోసేది ఆకుపచ్చ, నీలం చానెళ్లలో మిగిలిన ఆ పది, ఆరు పాళ్లే. శాచురేషన్ పెంచడమంటే పెద్ద చానెల్‌ను పైకి, చిన్న చానెళ్లను కిందికి తోయడం. కాస్త గట్టిగా తోస్తే ఎరుపు పైగోడకు, మిగతా రెండూ నేలకు అంటుకుంటాయి. అప్పుడు ముడత మీదా, ముడత పక్కనా, నొక్కులోనూ ఒకే విలువ. మీరు ప్లాస్టిక్ అంటున్నది దాన్నే. ఫొటోలో రంగు ఎక్కువైందని మనకు అనిపిస్తుంది, నిజానికి అక్కడ పోయింది ఆకుపచ్చ, నీలాల ఆ కొద్ది పాళ్లు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. ఏ రంగుకైనా అది పూర్తి నిండుతనంతో కనిపించగలిగే ప్రకాశ స్థాయి ఒకటి ఉంటుంది, అది రంగు రంగుకూ మారుతుంది. సాధారణ తెరలు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో, నలుపును 0గా, తెలుపును 100గా తీసుకుంటే, అత్యంత గాఢమైన పసుపు 97 దగ్గర, ఆకుపచ్చ 88 దగ్గర, ఎరుపు 53 దగ్గర, నీలం 32 దగ్గర ఉంటాయి. అంటే మిరపకాయ ఎరుపు నడిమి వెలుగులోనే నిండుగా ఉండగలదు, దాన్ని పైకి తీసుకెళ్తే గులాబీ, నారింజ రంగులకు తిరగడం తప్ప దానికి దారి లేదు. కల్లంలో పరిచే టార్పాలిన్ పట్టా నీలం ఇంకా తక్కువ వెలుగులోనే బాగుంటుంది. బంతిపువ్వు కథ పూర్తిగా తలకిందులు. కడియపులంక పూల మార్కెట్లో పసుపు బంతుల బుట్టలను మిర్చికి వాడిన అలవాటుతోనే ఒక స్టాప్ తగ్గించి తీస్తే అవి ఆవపిండి ముద్దల్లా వస్తాయి, నారింజ బంతులైతే గోధుమ రంగుకు దిగిపోతాయి. గోధుమ రంగంటే వెలుగు తగ్గిన నారింజే తప్ప వేరే రంగు కాదు. పసుపుకు వెలుతురు ఇవ్వాలి, ఎరుపుకు ఆపాలి. బతుకమ్మ మీద తంగేడు పసుపు, గునుగుకు అద్దిన ఎరుపు పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండింటికీ న్యాయం చేయడం కష్టం. అలాంటప్పుడు ముందుగా గోడకు తగిలే రంగును కాపాడుతూ తీసి, తంగేడు వెలుగును తరువాత రా ఫైలులో పసుపు ల్యూమినెన్స్ (ఆ ఒక్క రంగు వెలుగును మార్చే స్లైడర్) ద్వారా పెంచుకోవాలి.

అందువల్ల మిర్చి రాశిని ఎలా తీయాలంటే, కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్, అంటే మూడు చానెళ్లనూ విడివిడిగా చూపే తెర, ఎంచుకోండి. పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌లో ఉంచండి, ఎందుకంటే వివిడ్ లాంటి స్టైల్ ప్రివ్యూను ముందే సాగదీసి హిస్టోగ్రామ్‌ను అబద్ధమాడిస్తుంది. కెమెరా మీటర్ చెప్పినదాని కంటే స్టాప్‌లో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించి, ఎరుపు గీత కుడి గోడను తాకీ తాకనట్టు ఉండేలా చూసుకోండి. రాశిలో కాయల మధ్య చీకటి సందులు చాలా ఉంటాయి, మీటర్ వాటిని కూడా కలిపి సగటు తీస్తుంది కనుక ఎండ తగిలిన తొక్క ఆ సగటు కంటే ఎప్పుడూ పైనే ఉంటుంది. ఇంటికి వచ్చాక శాచురేషన్ జోలికి పోకుండా, ఎరుపు రంగు ల్యూమినెన్స్‌ను పది, పదిహేను తగ్గించి చూడండి. గాఢత పెరిగిందని మీ కన్ను ఒప్పుకుంటుంది, ముడతలు కూడా మిగులుతాయి. టోన్ కర్వ్‌తో (వెలుగునీడలను మార్చే గీతతో) కాంట్రాస్ట్ పెంచినా చానెళ్లు ఒకదానికొకటి దూరం జరిగి శాచురేషన్ దానంతటదే పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. కాంట్రాస్ట్ ముందు, శాచురేషన్ చివర. ఈ క్రమం తలకిందులైన ఫొటోలు చూడగానే తెలిసిపోతాయి.

కాయ మీది మెరుపు ఇంకో పెద్ద దొంగ. ఎండిన తొక్క నునుపుగా ఉండి, ఆకాశపు తెల్లదనాన్ని అద్దంలా ప్రతిఫలిస్తుంది. ఆ తెల్లని పొర ఎరుపు మీద పరుచుకొని రంగును పలచబరుస్తుంది. దాన్ని ఏ స్లైడరూ తీయలేదు, కానీ లెన్స్ ముందు బిగించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ తీయగలదు. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు ఖర్చవుతుంది, అయినా మిర్చి దగ్గర దానికి మించిన శాచురేషన్ పనిముట్టు నాకు తెలియదు. లెన్స్ ముందు దాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే, ఒక కోణంలో రాశి మొత్తం మీద దుప్పటి తొలగించినట్టు ఎరుపు బయటపడుతుంది. పూర్తిగా తిప్పేయకండి. కొంచెం మెరుపు మిగలకపోతే కాయ ఎండినట్టు కాక రంగు కాగితం కత్తిరించినట్టు ఉంటుంది.

తాలు ఏరుతున్న ఆమె ముఖం సంగతి వేరు. అక్కడ వైట్ బ్యాలెన్స్ తప్పు లేదు. చుట్టూ పరిచిన మిర్చి మీద పడిన ఎండ ఎర్రబడి కింది నుంచి ఆమె గడ్డానికి, బుగ్గల కింది భాగానికి తగులుతోంది. మీ ఫొటోలో నుదుటి రంగు, గడ్డం రంగు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఘాటుకు ముక్కు మీదికి లాక్కున్న కొంగు అంచు కూడా కింది వైపే ఎర్రగా ఉంది. ఆ ఎర్రని వెలుగు కల్లంలో నిజంగా ఉన్నదే, దాన్ని పూర్తిగా తుడిచేస్తే ఆమెను వేరే చోట కూర్చోబెట్టినట్టవుతుంది. కానీ మొత్తం ఫొటోకు శాచురేషన్ పెంచినప్పుడు ఆ చిన్న వెలుగు కూడా పెరిగి చర్మం నారింజగా మారింది. మన చర్మపు రంగులన్నీ ఎరుపు, నారింజల మధ్యనే ఉంటాయి కనుక ఎరుపును కదిలిస్తే చర్మం కదలక తప్పదు. వైబ్రెన్స్ ఇప్పటికే గాఢంగా ఉన్న రంగులను తక్కువగా, పలుచని రంగులను ఎక్కువగా పెంచుతుంది, చర్మపు రంగులను కొంత కాపాడుతుంది. అయినా ఈ ఫొటోకు నేనైతే అది కూడా వాడను. దిద్దుబాటు ముఖానికే పరిమితమయ్యేలా మాస్క్ గీసి, అందులో ఎరుపు శాచురేషన్‌ను కొద్దిగా, సగం మాత్రమే, తగ్గిస్తాను. ఎక్స్‌పోజర్‌ను కూడా ముఖాన్ని బట్టే నిర్ణయించి ఉండాల్సింది. ఆమె వెనక ఉన్న తెల్లని టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, చూసి మీటర్ వెలుతురు తగ్గించేసింది, నల్లని చర్మం ఇంకా కిందికి దిగింది, మీరు దాన్ని పైకి లాగినప్పుడు నాయిజ్‌తో పాటు ఆ నారింజ కూడా పైకి వచ్చింది.

పక్కనున్న రంగుల పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో రంగుల అద్దకాన్ని పర్యవేక్షించిన షెవ్రల్‌కు నల్లనూలు వెలిసిపోతోందన్న ఫిర్యాదు వచ్చింది. నూలులో లోపమేమీ లేదని, పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోందని ఆయన గుర్తించి, 1839లో ఆ నియమాలను ప్రచురించారు. మన చేనేత కార్మికులకు ఇది కొత్త సంగతేమీ కాదు, అంచుకు ఏ రంగు పెడితే ఒళ్లు నిండుగా కనిపిస్తుందో వారికి చేతివేళ్లకే తెలుసు. మీ రాశి ఫొటోలో ఎరుపును పెంచడానికి బదులు కుడి మూలలోని నీలం పట్టా శాచురేషన్‌ను కొంచెం తగ్గించి చూడండి. పోటీ తగ్గితే ఎరుపు తనంతట తానే ముందుకు వస్తుంది.

ప్రింటు విషయంలో చాలామంది దెబ్బతినేది ఫోను, మానిటర్ల వెలుగు వల్ల. ఏ రంగైనా ప్రకాశం పెరిగితే కంటికి మరింత రంగుగా కనిపిస్తుంది, 1952లో హంట్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపిన ఈ లక్షణానికి ఆయన పేరే ఉంది. పూర్తి వెలుగులో ఉన్న మానిటర్ మీద నిండుగా అనిపించిన ఎరుపు, గోడ మీది కాగితంపై సాదా దీపాల కింద నీరసంగా ఉంటుంది. మానిటర్ వెలుగును తగ్గించుకుని పనిచేయడం సరైన మందు, రంగు పెంచడం కాదు. కాగితం కూడా చూడాలి. మెరుపులేని మ్యాట్ కాగితం మీద నలుపు అంత లోతుగా దిగదు, గాఢమైన ఎరుపు అంతగా నిలవదు. మిర్చికి నేను కొద్దిగా మెరిసే లస్టర్ లేదా బరైటా రకం కాగితం ఎంచుకుంటాను. ల్యాబ్‌కు ఫైలు ఇచ్చే ముందు వారు ఏ ప్రొఫైల్, అంటే ఏ రంగుల పరిధిలో ఉన్న ఫైలు, తీసుకుంటారో అడగండి. మన ఊళ్లలోని చాలా ల్యాబులు ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌నే ఊహించుకుంటాయి. నేను ఒకసారి అడగకుండా ఇంకా విశాలమైన పరిధి గల అడోబీ ఆర్‌జీబీ ఫైలు ఇచ్చి, పన్నెండు పెద్ద ప్రింట్లను చప్పటి ఇటుక రంగులో ఇంటికి తెచ్చుకున్నాను. తప్పు వారిది కొంత, నాది చాలా. ఇప్పుడు ముందుగా ఒకే ఫొటోను ఎరుపు ల్యూమినెన్స్ మూడు స్థాయిల్లో చిన్న సైజులో వేయించి, ప్రదర్శన జరిగే గదిలోని దీపాల కిందే చూసి నిర్ణయిస్తాను.

ఇక మంచులో తీసిన ఆ మూడో ఫొటో. దానికి రంగు ఎలా తేవాలని అడిగారు. దాన్ని ముట్టుకోవద్దని నా సలహా. మంచు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టి దూరంలోని రంగులన్నిటి మీదా తెల్లని పొర కప్పుతుంది, అందువల్ల వెనకనున్న రాశులు బూడిద ఎరుపులోకి, ఇంకా వెనకవి ఉత్త బూడిదలోకి కరిగిపోయాయి. ముందు వరుసలో పట్టా తొలగించిన ఒక్క మూల దగ్గర మాత్రం, జానెడు మేర, ఎరుపు తన నిజమైన గాఢతతో ఉంది. మంచుపొరను తగ్గించే డీహేజ్ స్లైడర్ లాగితే వెనకవి ముందుకొచ్చి ఆ మూలకు ఉన్న ఒంటరితనం పోతుంది. మీరు కావాలనే చేశారో, మంచు మీటర్‌ను తికమక పెట్టడం వల్ల జరిగిందో నాకు తెలియదు కానీ, వెలుగు నడిమి స్థాయికి కాస్త పైన నిలిచింది, మంచుకు కావాల్సింది కూడా అదే. దీన్ని మాత్రం లస్టర్ మీద కాకుండా మ్యాట్ కాగితం మీద వేయించండి.